అడగని టీ, అడిగిన నీళ్ళు

సైకిల్ మీద దూరాలు తిరిగొచ్చినవాళ్ళు రాసే ప్రతి పుస్తకంలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఎక్కడికెళ్ళినా మనుషులు మంచివాళ్ళే. పంక్చరైన చోట ఎవరో ఆగుతారు, వానపడ్డ రాత్రి ఎవరో తలుపు తీస్తారు. 1963లో ఐర్లండ్ నుంచి ఇండియాకి ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన డెర్వ్లా మర్ఫీ దగ్గర ఒక పిస్తోలు ఉండేది. ఆవిడ పుస్తకం చదివాక మనసులో మిగిలేది మాత్రం పిస్తోలు కాదు, దారిలో దొరికిన ఆతిథ్యం. అలాంటి పుస్తకాలు చదివే నేనూ సైకిల్ కొన్నాను కాబట్టి ఆ వాక్యాన్ని వెక్కిరించలేను. కానీ అందులో ఒక చిక్కుంది. రాసేది తిరిగొచ్చినవాళ్ళే. 2018 జులైలో తజికిస్తాన్‌లో పామీర్ కొండలు దాటి వస్తున్న ఏడుగురు సైకిలిస్టుల మీదకి ఒక కారు కావాలనే దూసుకొచ్చింది. నలుగురు చనిపోయారు. అంతకుముందు ఆ దారిలోనే వాళ్ళకీ ఎవరెవరో టీ ఇచ్చి ఉంటారు, రొట్టె పెట్టి ఉంటారు.

అందుకని మనుషులు మంచివాళ్ళా కాదా అన్న లెక్క నేను వెయ్యను. అది తేలేది కాదు. నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. ఆ మంచితనాన్ని పుచ్చుకున్నవాడి మీద ఏమన్నా బాధ్యత పడుతుందా? పడితే ఎవరి పట్ల?

మనాలీ నుంచి లేహ్‌కి రోహ్‌తాంగ్ మీదుగా దాదాపు 470 కిలోమీటర్లు. ఐదు కనుమలు దాటాలి. చివరిదైన తంగ్‌లాంగ్ లా 5,300 మీటర్ల పైనే ఉంటుంది. అక్కడ ఊపిరికి దొరికే ఆక్సిజన్ మన విశాఖ బీచ్‌లో దొరికేదాంట్లో ఇంచుమించు సగం. రెండో కనుమ బారాలాచా కింద, జింగ్‌జింగ్‌బార్ దాటాక, నాకు వడగళ్ళు తగిలాయి. రోడ్డు పనివాళ్ళ టెంట్ ఒకటి కనిపిస్తే దాని పక్కన నిలబడ్డాను. లోపలికి రమ్మని నేనడగలేదు. ఒకతను బయటికొచ్చి, "భయ్యా, అందర్ ఆవో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. కిరసనాయిలు స్టవ్ మీద టీ, మందపాటి రొట్టెలు, ఉప్పు, పచ్చిమిరపకాయ. నలుగురుండే టెంట్‌లో నేను ఐదోవాణ్ణి. వాళ్ళది జార్ఖండ్, దుమ్కా వైపు. ఆ సరిహద్దు రోడ్లు వేసే కూలీల్లో చాలామంది అటునుంచి వచ్చేవాళ్ళే. డబ్బులు తీస్తే అతను నవ్వి తల అడ్డంగా ఊపాడు, అంతే. పెద్ద మాటలేం చెప్పలేదు.

ఆ చలీ ఆ ఎత్తూ నేను సెలవు పెట్టి, డబ్బు కట్టి తెచ్చుకున్నవి. అతనికి అవే జీతం. నా సైకిల్ ఖరీదు అతని కొన్ని నెలల కూలి. నేను వినోదం కోసం పడుతున్న కష్టం చూసి, బతకడానికి కష్టపడేవాడు జాలిపడ్డాడు. ఆ టీ పుచ్చుకోవడం న్యాయమా అని ఇప్పుడు కూర్చుని అడగొచ్చు. అప్పుడు కాదనుంటే అది ఇంకా పెద్ద అవమానం అయ్యేదని మాత్రం నాకు గట్టి నమ్మకం. పేదవాడి దగ్గర పుచ్చుకోకూడదు అనే పెద్దమనిషి తర్కంలో, ఇచ్చే స్థానం ఎప్పుడూ తనదే అన్న ధీమా ఉంటుంది.

కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన వ్యాసంలో ఆతిథ్యం దానధర్మం కాదు, హక్కు అన్నాడు. కానీ ఆ హక్కు చాలా చిన్నది. పరాయిచోట అడుగుపెట్టినవాణ్ణి శత్రువులా చూడకూడదు, అంతవరకే. లోపల కూర్చోబెట్టి పెట్టమని అడిగే హక్కు అతిథికి లేదు. ఈ లెక్కన టెంట్ పక్కన నిలబడటం నా హక్కు. లోపల దొరికిన రొట్టె హక్కుల పుస్తకంలో లేని పద్దు. హక్కుగా వచ్చినదానికి బాకీ ఉండదు, కొన్నదానికి బిల్లు కట్టేశాం. మిగిలేది ఈ రొట్టే.

మరి అతను ఎందుకిచ్చాడు? ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కాబోయే విద్యార్థుల మీద చేసి 1973లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. పక్క భవనంలో ప్రసంగం ఇవ్వాలని పంపిస్తే, దారిలో ఒక మనిషి దగ్గుతూ కూలబడి ఉంటాడు. తొందరలేనివాళ్ళలో 63 శాతం సాయపడ్డారు, బాగా తొందరలో ఉన్నవాళ్ళలో 10 శాతం. కొందరు ఇవ్వబోయే ప్రసంగం, దారిలో పడున్నవాడికి సాయపడిన మంచి సమరయుడి కథ మీదే! దాని వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఈ ప్రయోగం నాకు చాలాకాలం ఆఖరిమాటలా అనిపించేది. మంచితనం అంటే ఖాళీ సమయం, అంతే అనుకునేవాణ్ణి. కానీ లేహ్ దారిలో లారీవాళ్ళకున్న తొందర అంతా ఇంతా కాదు. మధ్యాహ్నానికి మంచు కరిగి నాలాలు పొంగి రోడ్డుకి అడ్డంగా పారతాయి, అవతలికి పొద్దున్నే దాటాలి. అయినా వాళ్ళు ఆగి, కిటికీలోంచి "పానీ హై?" అని అడుగుతారు.

ఎందుకు ఆగుతారో గాటా లూప్స్ దగ్గర కొంత అర్థమైంది. సర్చూ దాటాక 21 మలుపులతో కొండెక్కే రోడ్డది. అక్కడ ఒక మలుపులో చిన్న గుడిలాంటిది ఉంటుంది, దాని చుట్టూ గుట్టలుగా నీళ్ళ సీసాలు. కథ ఏంటంటే, చలికాలం ముంచుకొచ్చే వేళ ఒక లారీ అక్కడ ఆగిపోయింది. డ్రైవర్ సాయం కోసం వెళ్ళాడు, క్లీనర్ బండికి కాపలా ఉన్నాడు. మంచుకి దారి మూసుకుపోయింది. డ్రైవర్ తిరిగొచ్చేసరికి క్లీనర్ దాహంతో, చలితో చనిపోయి ఉన్నాడు. తర్వాత దారినపోయేవాళ్ళని ఎవరో నీళ్ళడిగేవాడట. ఇవ్వనివాళ్ళకి కీడు జరిగేదట. నిజమో కాదో వదిలేద్దాం. ఆ దారిలో అందరికీ తెలిసిన దయ్యం కోరేది పగ కాదు, మంచినీళ్ళు.

సముద్రం మీద ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడి తీరాలని ఓడలకి అంతర్జాతీయ చట్టమే ఉంది. ఈ కొండదారికి ఈ కథే చట్టం. ఆగడమంటే మంచివాడు అనిపించుకోవడం కాదు, రేపు ఆగిపోయేది నా బండే కావచ్చన్న భయం. ఆ భయాన్ని నేను తక్కువ చెయ్యను. ఎత్తు మాత్రమే మనిషిని మంచివాణ్ణి చెయ్యదు కదా. 2006లో ఎవరెస్ట్ మీద డేవిడ్ షార్ప్ చావుబతుకుల్లో ఉంటే, ఆ రోజు సుమారు 40 మంది ఆయన్ని దాటి వెళ్ళారని వార్తలొచ్చాయి. శిఖరం ఎక్కేవాడు మళ్ళీ అటు రాడు. లారీవాడు ప్రతి వేసవీ వస్తాడు.

అపరిచితుడంటే అందరూ ఒకటే కాదన్నది ఇంకో సంగతి. నా హెల్మెట్, రంగురంగుల జాకెట్ నా తరఫున ముందే సర్టిఫికెట్ ఇచ్చేశాయి. 1830లో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కాశీకి వెళ్తూ మజిలీ మజిలీకీ ఎక్కడ సత్రం ఉంది, ఎక్కడ ఏం సరుకు దొరుకుతుంది అని ఓపిగ్గా రాసుకున్నాడు. చాలా సత్రాల్లో అన్నం దొరకడానికి ముందు కులం తేలాలి. ఇప్పుడూ మన ఊళ్ళలో పేరు అడిగాక వచ్చే రెండో ప్రశ్న ఏంటో మీకు తెలుసు. 2020 మేలో 15 ఏళ్ళ జ్యోతి కుమారి గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగాకి సుమారు 1,200 కిలోమీటర్లు సైకిల్ తొక్కింది. ఆ అమ్మాయిది టూర్ కాదు. వార్త రాగానే సైక్లింగ్ ఫెడరేషన్ ట్రయల్స్‌కి పిలిచింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆ చప్పట్ల కంటే, అదే నెలలో మేడ్చల్ దగ్గర హైవే మీద నడిచిపోతున్నవాళ్ళకి అన్నం పొట్లాలు, చెప్పులు ఇచ్చినవాళ్ళు ఎక్కువ గుర్తున్నారు. నడిచేవాళ్ళలో దుమ్కావాళ్ళు కూడా ఉండే ఉంటారు.

నీకందిన మంచిని ఇంకొకరికి అందించు అంటారు. సులువైన మాట. అది అసలు మనిషిని లెక్కలోంచి తీసేస్తుంది. ఆ టెంట్‌లో అతనికి నేను బాకీ ఉన్నది దుమ్కాలోనో, బారాలాచా కిందో, లేదంటే మా ఆఫీసు ఎదురుగా ఫ్లైఓవర్ కింద రేకులషెడ్లలోనో ఉంది. ఇంకెవరికో చేసిన మంచి అతని పద్దులో జమకాదు. అలాగని చెయ్యకుండా ఉండటానికీ వీల్లేదు.

మొన్న మార్చిలో మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో, గేటు బయట ఒక చలివేంద్రం పెడదామన్నాను. రెండు కుండలు, ఒక గ్లాసు, పైన తాటాకు పందిరి. డెలివరీ అబ్బాయిలున్నారు, ఎదురుగా బిల్డింగ్ కడుతున్నవాళ్ళున్నారు. "ఎవడెవడో వచ్చి కూర్చుంటాడు బాబూ" అన్నారు మూడో అంతస్తు అంకుల్, మర్యాదగానే. కుండలు ఎవరు కడగాలి అని ఇంకొకరు అడిగారు. నేను కడుగుతానన్నాను. సెక్రటరీ గారు దాన్ని వచ్చే నెల ఎజెండాలో రాసుకున్నారు, పార్కింగ్ సమస్య తర్వాత.