జ్ఞానదాసోహము

దానమునకును దాసోహమునకును భేదమేమి యను ప్రశ్న వీరశైవులకు క్రొత్తది కాదు. దానమునందు ఇచ్చువాని చేయి పైనుండును. దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. ఇచ్చితినను తలంపు మిగిలినచో అది దాసోహమే కాదు. అన్నము విషయమున ఈ ధర్మము మన మఠములకు సుపరిచితము. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వాములవారు కులమతములు చూడక వేలాది బాలురకు అన్నము, వసతి, చదువు కల్పించిరి. ఉన్నత విద్యకును ఇదే ధర్మము చెల్లునా?

బసవేశ్వరుడు నడయాడిన కళ్యాణ ప్రాంతమునే చూడుడు. బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు నిజాము రాజ్యమున నుండినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినను, అది హైదరాబాదు నగరమున నుండెను; బోధన ఉర్దూలో సాగెను. ఇంట కన్నడమో తెలుగో పలుకు రైతుబిడ్డకు దారిఖర్చు ఒక అడ్డు, గది అద్దె మరియొకటి, భాష అన్నిటికంటె పెద్దది. 1958లో మహాదేవప్ప రాంపురే గారి పూనికతో గుల్బర్గాలో హైదరాబాదు కర్ణాటక విద్యాసంస్థ ఏర్పడినది. అనుభవ మంటపము వెలసిన ఆ సీమకు సొంత విశ్వవిద్యాలయము 1980లో గాని రాలేదు.

బెళగావిలో 1916లో కర్ణాటక లింగాయత విద్యాసంస్థను ఆరంభించినవారు ధనికులు కారు, ఏడుగురు ఉపాధ్యాయులు. తమ కాయకమునుండియే వారు దాసోహమునకు పూనుకొనిరి. శిరసంగి లింగరాజ దేశాయి వంటి ఉదారులు ఆస్తులనే విద్యకు వ్రాసియిచ్చిరి.

అయితే ఇంటింట పిడికెడు బియ్యము కూర్చి అన్నదాసోహము నడపవచ్చును గాని, వైద్య కళాశాల నడపుట సాధ్యమా యని నిర్వాహకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రయోగశాలలకు, అధ్యాపకుల జీతములకు ధనము కావలెను. కాని ఆ ధనము ఎవరినుండి రావలెను? కర్ణాటకమున 1984లో క్యాపిటేషన్ ఫీజును నిషేధించు చట్టము చేయవలసి వచ్చెను. 1992లో సుప్రీంకోర్టు సహితము దానిని తప్పుపట్టెను. సీటును అమ్మిన దోషము వ్యాపారులది మాత్రమే యనుట ఆత్మవంచన. శరణుల పేరు ముఖద్వారముపై చెక్కించుకొని లోపల బేరమాడుటను ఏమనవలెను? కలవారి ఫీజుతో లేనివానిని చదివించుట వేరు. లేనివానిని గుమ్మమునుండియే మరలించుట వేరు.

2012 నాటి 98వ రాజ్యాంగ సవరణ వలన 371-జె అధికరణము వచ్చి, కళ్యాణ కర్ణాటక విద్యార్థులకు విద్యాలయములలో స్థానములు ప్రత్యేకింపబడినవి. ఇది మేలే. అయినను స్థానము దొరికిన పిల్ల ఎచట నుండవలెను? ఏ బస్సున రావలెను? ఆడపిల్లను పట్టణమునకు పంపుటకు వెనుకాడు తండ్రికి ధైర్యము చెప్పువారెవరు? ఇది చట్టము చేయగల పని కాదు. మరియు జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతముల బిడ్డకు బీదరు ఎంతో దగ్గర. కాని సరిహద్దుకు ఈవల పుట్టినందున ఆ ప్రత్యేక స్థానములు వానికి చెందవు. అట్టివానికి ప్రసాద నిలయమున ఒక చాప, రెండుపూటల ప్రసాదము ఇచ్చుటకు ఏ అధికరణమును అడ్డురాదు.

ఆ చాపకైనను సిఫారసు ఉత్తరము తెమ్మని అడుగు నిలయములు కలవు. జూన్ మాసమున, కుమారుని మార్కుల జాబితా చేతబట్టుకొని, పెద్దమనిషి సంతకమునకై ఊరూర తిరుగు తండ్రిని చూచినవారికి అది దానమో దాసోహమో వేరుగ చెప్పనక్కరలేదు.