తొందరపెట్టని బేరం

మంగళగిరిలో మా నాన్న పెట్టిన చీరల కొట్టు ఇప్పుడు నా చేతిలో ఉంది. వెబ్‌సైటు కూడా నడుపుతున్నాం. చూసిపోయేవాళ్లు చాలామంది, కొనేవాళ్లు కొద్దిమంది. నచ్చిన చీర కార్టులో వేసుకుని, డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి వెళ్లిపోతారు. సైటు చూసుకునే మా అక్క కొడుకు ఒక ఉపాయం చెప్పాడు. ‘చీర పక్కన గడియారం పెడదాం పిన్నీ. పది నిమిషాల్లో ధర పెరుగుతుందని చూపిస్తుంది. పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ పది నుంచే మొదలవుతుంది. చీర మంచిదే, ధర న్యాయమైనదే. ఇంక ఎవరికి నష్టం?’

వద్దన్నాను గాని, అతని ప్రశ్న తీసిపారేసేది కాదు. నూలులో మోసం లేదు, కొలతలో మోసం లేదు. కొనే ఆమె కట్టిన డబ్బుకు తగిన చీరే ఇంటికి చేరుతుంది. మరి ఆమెకు పోయిందేమిటి?

జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో, దొంగతనం చేయననే వ్రతాన్ని చెడగొట్టే దోషాలు ఐదు చెప్పాడు. హెచ్చుతగ్గు కొలతలు అందులో ఒకటి. ఒకదాన్ని చూపి మరొకటి అంటగట్టడం ఇంకొకటి. మరమగ్గం గుడ్డను చేనేతని చెప్పి అమ్మేవాళ్లకు ఇది సూటిగా తగులుతుంది. వ్యాపారంలో చేసే మాయను అబద్ధాల లెక్కలో కాక దొంగతనం లెక్కలో వేశాడు చూడండి, అది నాకు చాలా లోతుగా తోస్తుంది. దొంగ గడియారం కూడా ఒకటి ఎత్తుకుపోతుంది. పిల్లల ఫీజు కట్టాలి కదా, అమ్మకొకసారి చూపిద్దాం, ఇలాంటి రంగు బీరువాలో ఉందేమో – ఇవన్నీ తట్టే ఆ కాసేపు ఆమె సొంతం. ఆ తటపటాయింపులోనే మనిషి వివేకం పనిచేస్తుంది. దాన్ని భయపెట్టి లాక్కున్నాక, ఇష్టపడే కొన్నది కదా అని మనం ఎలా అనగలం?

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి పన్నాగాలను 13 రకాలుగా గుర్తించి నిషేధించింది. లేని తొందర పుట్టించడం వాటిలో ఉంది. అడక్కుండా బిల్లులో మరో వస్తువో విరాళమో చేర్చడమూ ఉంది. ఈ విరాళం సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మనం సంకల్పం చెప్పుకోకుండా ఏ వ్రతమూ మొదలుపెట్టం. చూసుకోక కట్టిన పది రూపాయలు నిజంగానే ఎవరి ఆకలో తీర్చినా, కట్టినామె దానం చేసినట్టు కాదు. ఇవ్వాలా వద్దా అని అనుకునే అవకాశమే ఆమెకు లేకుండా చేశారు.

నిజాయితీని కూడా ఉపాయంగా వాడొచ్చు, అదీ ఉంది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో అచ్చయిన తన నీతిగ్రంథంలో ఒక దుకాణదారుణ్ణి చూపిస్తాడు. ఏమీ తెలియనివాడొచ్చినా, చిన్నపిల్లాడొచ్చినా అతని దగ్గర ఒకే ధర. బేరం నిలబడుతుందని అలా చేస్తే మాత్రం, ఆ పనికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. నేను అంత కఠినంగా ఉండలేను. మజూరీ కోసం నేసేవాళ్లు నా గుమ్మంలోకి వస్తారు. చీరలు అమ్ముడుపోవాలి. నా మంచితనంలో భక్తి పాలెంత, బేరం పాలెంత అని నేను విడదీసి చెప్పలేను.

మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుడు నాకు దగ్గరివాడు. జాజలి అనే ముని కదలకుండా తపస్సు చేస్తే ఆయన జడల్లో పక్షులు గూడు కట్టి పిల్లల్ని పెట్టాయి. తనంత ధర్మపరుడు లేడనుకున్న ఆ ముని, కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడి దగ్గరకొచ్చి ధర్మం అడిగి తెలుసుకోవలసివచ్చింది. తులాధారుడు కొట్టు మూయలేదు. తన త్రాసు అందరికీ సమానమన్నాడు. ఏ ప్రాణికీ తనవల్ల భయం కలగకుండా చూసుకోవడమే గొప్ప ధర్మమన్నాడు. ఆ భయం మాట దగ్గరే నేను ఆగిపోతాను. చేజారిపోతుందన్న భయం మీద అమ్మేవాడు త్రాసు ఎంత సమంగా పట్టినా లాభమేముంది?

అందుకని, చేసే పని కొనేవాళ్లకు చెప్పి మరీ చేయగలనా అని చూసుకుంటాను. ‘ఈ రంగు పడుగు అయిపోయింది, ఇవి రెండే మిగిలాయి’ అన్నది నిజమైతే చెప్తాను. అది ఆమెకు పనికొచ్చే సమాచారం. ‘ఈ గడియారం ఉత్తిదే’ అని మాత్రం గడియారం కింద రాయలేను. జరీ టెస్టెడ్ జరీయా కాదా, బ్లౌజు చీరలోనే వస్తుందా, మొదటి ఉతుకులో రంగు కాస్త దిగుతుందా, ఫోటోలో కన్నా అంచు ఎంత ముదురు – ఇవన్నీ రాయిస్తున్నాను. చాలామంది వెనక్కి వెళ్లేది ఈ సందేహాలతోనే. వాటిని తీర్చడం అమ్మేవాళ్ల పని. తీరాక కూడా వద్దనుకుంటే అది ఆమె ఇష్టం.

ఒక్కటి ఇంకా తేలలేదు. కార్టులో చీర వదిలి వెళ్లినవాళ్లకు గుర్తుచేస్తూ వాట్సాప్ పంపాలంటాడు మావాడు. అది సాయమో, వెంటపడటమో. ప్రస్తుతానికి ఒక్కటే పంపుతున్నాం, అదీ పంపవచ్చని ముందే ఒప్పుకున్నవాళ్లకే.