మానినగాని యాదుకొనరాదా?

వ్యసనమున జిక్కినవానికి సాయము చేయుటకు ముందు "మానెదవా?" యని యడుగుట మనకలవాటు. మానెదనన్నవాడు దయకు బాత్రుడు, మానలేనన్నవాడు దండనకు బాత్రుడు. ఈ విభాగము చూచుటకు న్యాయముగనే తోచును. తల్లిదండ్రులు బిడ్డలయెడలను, ప్రభుత్వములు ప్రజలయెడలను దీనినే పాటించుచు వచ్చినారు. కాని నల్లమందు జాతికి జెందిన మత్తుమందుల విషయమున నీ ప్రశ్నకు బదులు వచ్చుటకు ముందే మనుష్యుడు మరణించుచున్నాడు. అట్టియెడ మన ప్రశ్న ధర్మమైనదేనా యని విచారింపదగియున్నది.

గసగసాల కాయ పాలనుండి నల్లమందును, దానినుండి మార్ఫినును, మార్ఫినునుండి హెరాయినును వచ్చినవి. పైరుతో బనిలేకయే రసాయనశాలలో దయారగు ఫెంటనిలు వంటివియు నేడు గలవు. ఇవన్నియు బాధ నణచునట్లే యూపిరిని గూడ నణచును. అలవాటుపడిన దేహము నానాటికి హెచ్చు మోతాదునకు దాళుకొనును; మానిన కొలది వారములలోనే యా శక్తి సన్నగిల్లును. అందుచేత జెఱసాలనుండి విడుదలయైనవాడుగాని, చికిత్సాలయమున గొన్నాళ్లు మాని యింటికి వచ్చినవాడుగాని యొకనాడు మనసు జాఱి పూర్వపు మోతాదునే పుచ్చుకొన్నయెడల, నిద్రలోనే యూపిరి నిలిచిపోవచ్చును. కల్లు సారాయములను గూర్చి మనము నేర్చిన నీతి యిచ్చట దారి తప్పుట కిదియే కారణము. మానుటకు యత్నించి యోడినవాడే యిందు మిక్కిలి యపాయమున నుండును. మాట తప్పితివని వానిని వాకిటనుండి వెడలగొట్టినచో, ప్రక్కన మనిషి యుండవలసిన సమయముననే వానిని ఒంటరిని జేసినవారమగుదుము.

ఈ చిక్కు నంతను బహిరంగముగ ననుభవించిన నగరమొకటి కలదు. స్విట్జర్లాండు దేశమందలి జూరిచ్ నగరమున, జాతీయ ప్రదర్శనశాల వెనుక, రెండు నదులు గలియుచోట ప్లాట్జ్‌స్పిట్జ్ అను నుద్యానవనమున్నది. 1980ల చివర హెరాయిను వాడువారు వేలకొలదిగ నచ్చట గూడుచుండిరి. ఒకరు వాడిన సూదినే వేఱొకరు వాడుటచే ఎయిడ్సు వ్యాధి వారిలో వ్యాపించుచుండెను. 1985లో నా ప్రాంతపు ప్రభుత్వ వైద్యాధికారి, శుభ్రమైన సూదులు పంచు వైద్యుల యనుమతిపత్రములు రద్దగునని హెచ్చరించెను. మూడువందలకు పైబడిన వైద్యులు తామా యాజ్ఞను పాటింపబోమని చేవ్రాళ్లు చేసి ప్రకటించిరి. నిషేధము నిలువలేదు. 1988 మొదలు ఉద్యానవనమందే సూదులు పంచుటయు, ఊపిరి యాగినవారిని బ్రదికించుటయు సాగెను.

అయినను ఆ యుద్యానవనమును కరుణకు నిదర్శనముగ జూపువారితో నేనేకీభవింపజాలను. సూదులు పంచిన వైద్యులు పూజ్యులే. కాని వారి చుట్టును అమ్మకము, కొట్లాట, మురికి. చలిలో నేలపై బడి నిద్రించు పడుచువాండ్రు. నగరమొక మూల జూపి, అచ్చట మీ యిష్టమని మొగము త్రిప్పుకొనెను. విసుగెత్తిన యిల్లాలు దుడుకు బిడ్డను పెరటిలోనికి దోలినట్లున్నదిది. 1992 ఫిబ్రవరిలో వనమును మూసిరి. గుంపు దాపుననే పాడుబడిన లెట్టెన్ రైలుస్టేషను చేరెను. 1995 ఫిబ్రవరిలో దానిని గూడ మూసిరి. ఈమాఱట్టి గుంపు వేఱొకచోట దిరిగి పుట్టలేదు.

రెండుమాఱులును మూయుట యొక్కటే, ఫలము మాత్రము వేఱు. ఏలయన, నడుమ గడచిన మూడేండ్లలో వారు పోవుటకు జోట్లేర్పడినవి. హెరాయిను కోరికను శాంతింపజేయు మెథడోను అను మందు సులభముగ దొరకెను. రాత్రి తలదాచుకొన నాశ్రయము లేర్పడెను. ఇతర చికిత్సలు పలుమాఱు విఫలములైనవారికి, 1994 మొదలు, వైద్యాలయములోనే, దాదుల యెదుటనే, మోతాదు కొలిచి హెరాయినునే యిచ్చు పద్ధతి పరీక్షార్థము మొదలిడిరి. ఆ దేశమున 1992లో మత్తుమందులచే మృతులైనవారు నాలుగువందలకు మించియుండగా, పదేండ్లలో నా సంఖ్య సుమారు సగమునకు దిగెను.

ప్రభుత్వమే విషము పోయుటా? ఈ యాక్షేపణ తేలికైనది గాదు. చట్టము నిషేధించినదానిని వైద్యుడే కొలిచి యిచ్చుచుండగా, మాకు మాత్రము వలదనుట యేల యని పిల్లవాండ్రడుగరా? బడిపంతులను గావున నా ప్రశ్నయే నన్ను మిక్కిలి బాధించినది. దీనికి యుక్తికంటె లెక్కయే మంచి సమాధానము. జూరిచ్ ప్రాంతమున క్రొత్తగ హెరాయినునకు నలవాటుపడినవారు 1990లో సుమారు 850 మంది. 2002లో సుమారు 150 మంది. 2006లో నీ లెక్కను ప్రకటించిన పరిశోధకులు చూపిన కారణము గమనింపదగినది. తిరుగుబాటునకు గుఱుతుగ గనబడిన మందు, దినదినము వైద్యాలయమున వరుసలో నిలుచు రోగుల మందైనపిదప, పడుచువాండ్రకు దానిపై మోజు తగ్గెనట.

మహాభారతమున శాంతిపర్వమందు ఆపద్ధర్మములను జెప్పుచోట విశ్వామిత్రుని కథ యొకటి గలదు. పండ్రెండేండ్ల క్షామమున నా ఋషి చండాలుని గుడిసెలో కుక్క మాంసమును దొంగిలింపబోవగా, ఆ గృహస్థుడే మేలుకొని, యిది మీకు దగదని ధర్మముపదేశించును. బ్రదికియున్న గదా ధర్మ మాచరించుట యని ఋషి బదులు. ఈ కథను సౌకర్యార్థమై వాడుకొనువారు పెక్కురు గలరు గావున నొకమాట చెప్పవలెను. ఆపద్ధర్మము ఆపద యున్నంతవఱకే. క్షామము తీరినపిదప కుక్క మాంసమునకు సమర్థనములేదు. సూదియు మెథడోనును అట్టివే. హెరాయిను మంచిదని యా వైద్యులెన్నడును జెప్పలేదు.

ఆ దేశపు ప్రజలకు నీ భేదము బాగుగ దెలిసినట్లున్నది. నిషేధమును మాన్పించు చికిత్సయును తప్ప మఱేమియు గూడదన్న ప్రతిపాదనను 1997లో నూటికి డెబ్బదిమంది త్రోసిపుచ్చిరి. మత్తుమందుల నన్నింటిని చట్టసమ్మతము చేయవలెనన్న ప్రతిపాదనను మఱుసటియేడు నూటికి డెబ్బదినలుగురు త్రోసిపుచ్చిరి. 2008లో వైద్యాలయమున హెరాయినిచ్చు పద్ధతిని శాశ్వతముగ జట్టమున జేర్చుటకు నూటికి అఱువదియెనమండుగురు సమ్మతించిరి.

మనదేశమున 1985 నాటి మత్తుమందుల చట్టము వాడుటను గూడ నేరముగ నెంచును. స్వచ్ఛముగ జికిత్సకు వచ్చినవానిని కొన్ని నేరములయెడ విచారణనుండి విడుచు 64ఎ అను పరిచ్ఛేద మందు లేకపోలేదు. కాని చికిత్స పూర్తిచేయనిచో నా రక్షణను దీసివేయవచ్చునట! చట్టము సయితము "మానెదవా?" యనియే యడుగుచున్నది. ఇదే చట్టపు భయమున గాన్సరు రోగులకు మార్ఫిను సయితము దొరకక, 2014లో సవరణము చేయవలసి వచ్చెను.

బర్మా సరిహద్దున నున్న మణిపురమున సూదితో హెరాయిను వాడువారిలో 1989 వఱకు గానరాని హెచ్.ఐ.వి., 1990లో నెలల వ్యవధిలోనే పరీక్షింపబడినవారిలో సుమారు సగముమందికి సోకెను. పిదప వారి భార్యలకును, పుట్టిన బిడ్డలకును వచ్చెను. ఆ యిల్లాండ్రు ఏ వ్యసనము నెఱుగుదురు? భర్తకు శుభ్రమైన సూది యందనీయక మనము నిలుపుకొన్న నీతికి వెల వారు చెల్లించిరి. తరువాతి కాలమున నచ్చట సూదులు పంచుటయు, నాలుక క్రింద నుంచుకొను బ్యుప్రెనార్ఫిను మందిచ్చుటయు నెలకొల్పబడి, ఇతర రాష్ట్రములకును వ్యాపించినవి. 2019లో వెలువడిన జాతీయ సర్వేక్షణము ప్రకారము, ఈ జాతి మందులచే బాధపడి సాయము గావలసినవారు దేశమున సుమారు 77 లక్షలు.

ఇక గృహస్థుల సంగతి. ఇంటిలో నట్టివాడొకడున్నచో డబ్బు దాచుకొనుట తప్పుగాదు. అప్పు తీర్పననుట, నగలు కుదువబెట్టనీయకుండుట తప్పుగాదు. ఇవి వాని యూపిరిని దీయవు. చికిత్సకు పోయి రెండవమాఱు, మూడవమాఱు జాఱినపు డేమి చేయవలెనో యింటివారు కూర్చుండి ముందే నిశ్చయించుకొనుట మంచిది. ఊపిరి మందగించినపుడు ముక్కులో గొట్టు నాలొక్సోను అను విఱుగుడు మందు గలదు. ఏటేట వేలకువేలు మరణించుచున్న అమెరికాలో దీనిని 2023 మొదలు వైద్యుని చీటిలేకయే యమ్ముచున్నారు. అచ్చటి తల్లులు దానిని చేతిసంచులలో నుంచుకొనుచున్నారు. బిడ్డ మానినాడా యని వారి నడిగినచో, కొందఱు ఇంకను లేదనియే చెప్పుదురు.