సంచిలోని రెండు రాళ్లు

పఠనము: ద్వితీయోపదేశకాండము 25:13–16, లూకా 19:1–10

ప్రాచీన కాలమందు వర్తకులు తూకపు రాళ్లను సంచిలో ఉంచుకొని తిరిగెడివారు. కొందరి సంచిలో రెండు విధములైన రాళ్లుండెడివి: కొనుటకు బరువైనది, అమ్ముటకు తేలికైనది. వాటి భేదము కొనువాని కంటికి ఆనెడిది కాదు. అయినను దేవుడు దానిని చూచెను; తన ధర్మశాస్త్రములో నిషేధించెను.

హైదరాబాదులో 1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ సంస్థ దేశదేశములలో పేరు పొందెను. 2008లో సుపరిపాలనకై బహుమానము సహితము అందుకొనెను. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖ ద్వారా ఒప్పుకొనెను. నిజమైన లాభమునకును లెక్కలలోని లాభమునకును మొదట భేదము స్వల్పమేననియు, అది సంవత్సరములు గడచిన కొలది పెరిగెననియు ఆ లేఖలో తెలిపెను. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించెను.

ఆ సంస్థకు ఆడిటర్లు లేకపోలేదు, డైరెక్టర్లు లేకపోలేదు, నియమములు లేకపోలేదు. నాయకుని యథార్థత లోపించిన చోట ఇవేవియు చాలలేదు.

ప్రియ చదువరీ, నీవు చిన్న దుకాణము నడుపుచుండవచ్చును. పాఠశాలకో, ఆసుపత్రికో, సంఘపు ఖజానాకో బాధ్యుడవై యుండవచ్చును. “ఈ ఒక్క సంవత్సరమే, వచ్చే ఏట సరిచేసెదను, పనివారి జీతముల కొరకే గదా” అను తలంపు నీకును రావచ్చును. అబద్ధము లేనిదే పనివారికి అన్నము దొరకదని తలంచుట, దేవుడు వారిని పోషింపలేడని చెప్పుటయే. మరియు నీవు తప్పుడు అంకె వేయుమనిన నాడు నీ గుమాస్తా ఆ అంకెతో పాటు ఆ మార్గమును కూడ నేర్చుకొనును.

ఇదివరకే ఆ మార్గమున అడుగుపెట్టినవారికి నిరీక్షణ కలదా? కలదు. జక్కయ్యను ఏ అధికారియు పట్టుకొనలేదు, ఎవడును లెక్క అడుగలేదు. ప్రభువు తన యింటికి వచ్చినప్పుడు అతడు తానే లేచి, అన్యాయముగా తీసికొనిన దానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని చెప్పెను. అతనికి నష్టము కలిగెను గాని ఆ దినమే ఆ యింటికి రక్షణ వచ్చెను. లెక్క చిన్నదిగా నున్నప్పుడే దానిని సరిచేయుట మేలు. పెద్దదైనను ఆయన యెదుట దాచుటకంటె ఒప్పుకొనుటయే మేలు.

ప్రార్థన: ప్రభువా, మా సంచిలోని రెండవ రాయిని నీవు ఎరుగుదువు. దానిని నేడే పారవేయుటకు మాకు ధైర్యము దయచేయుము. మా చేతిక్రింద పనిచేయువారు మమ్మును చూచి సత్యమును నేర్చుకొనునట్లు చేయుము. ఆమేన్.