పూచీకత్తు మీద ఆరోగ్యం

గల్ఫ్ వెళ్ళొచ్చిన మన ఆడవాళ్ళ మాటల్లో మూడు అరబ్బీ మాటలు తెలుగు మాటల్లాగే కలిసిపోయి వినిపిస్తాయి. అకామా, కఫీల్, ఖద్దామా. అకామా అంటే ఆ దేశంలో ఉండడానికి అనుమతి. కఫీల్ అంటే ఆ అనుమతికి పూచీ పడ్డ మనిషి. ఖద్దామా అంటే ఇంటిపని చేసే ఆడమనిషి. రాజోలు వైపుగానీ రాయచోటి వైపుగానీ వీటికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. ఈ మధ్య వీటి పక్కన ఇన్సూరెన్సు కూడా చేరింది. "ఇన్సూరెన్సు ఉంటేనేనండి అకామా కొట్టేది" అంటారు. నా ఆలోచనంతా ఆ వాక్యం చుట్టూనే. బీమా ఉంటేనే ఉండనిస్తారు, ఉండనిస్తేనే బీమా ఉంటుంది. అప్పుడా బీమా ఆమె ఆరోగ్యానికా, ఆమెను అక్కడ ఉంచుకునే ఏర్పాటుకా?

యు.ఎ.ఇ. సంగతి చూద్దాం. దుబాయ్ 2013లో చేసిన 11వ నంబరు చట్టంతో అక్కడ నివసించే ప్రతివాళ్ళకీ ఆరోగ్యబీమా తప్పనిసరి అయింది. దశలవారీగా 2017కి అది పూర్తిగా అమల్లోకొచ్చింది. అబుదాబీలో అంతకు ముందే ఉంది. షార్జా, అజ్మాన్ లాంటి మిగతా ఐదు ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగులకీ, ఇంటిపనివాళ్ళకీ 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. బీమా చూపిస్తేనే నివాస అనుమతి ఇవ్వడం, పొడిగించడం. ఆ ఐదింటి కోసం పెట్టిన కనీస పాలసీ ఖరీదు ఏడాదికి 320 దిర్హాములు. కట్టాల్సింది యజమాని. ఆసుపత్రిలో చేరితే ఖర్చులో ఐదో వంతు పనిమనిషి పెట్టుకోవాలి, ఒక్కో సారికి 500 దిర్హాములు మించకుండా.

దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. హైదరాబాదు అపార్టుమెంట్లలో నాలుగిళ్ళలో అంట్లు తోమే ఆమెకి ఆ నాలుగిళ్ళ వాళ్ళూ కలిసి పాతిక రూపాయల ప్రీమియం కూడా కట్టరు. కట్టాలని అడిగే అధికారీ లేడు. ఆమెకి ఆరోగ్యశ్రీ ఉంటే ఉంది. అయితే ఒక తేడా ఉంది. ఆరోగ్యశ్రీ ఆమె ఎవరింట్లో పనిచేస్తోందని అడగదు. పేదది అయితే చాలు. పని మానేసినా, యజమానురాలితో గొడవపడి వచ్చేసినా, మంచాన పడినా అది ఆమెదే. గల్ఫ్ బీమా అలా కాదు. ఆమె ఎవరి మనిషో తేలాకే అది మొదలవుతుంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా కళ్ళు చట్టంలోని వ్యాకరణం మీదకి పోతాయి. ఈ వాక్యాల్లో కర్త స్పాన్సరు. చెయ్యమనేది ప్రభుత్వం. చెయ్యకపోతే జరిమానా తీసుకునేదీ ప్రభుత్వమే. జబ్బు చేసే శరీరం ఎవరిదో ఆమె మాత్రం కర్మగా ఉంటుంది. బాధ్యత ఆమె గురించే గానీ ఆమెకి కాదు. ఈ రెంటికీ తేడా తత్వశాస్త్రం క్లాసులో చెబితే పొడిగా ఉంటుంది. కోనసీమలో దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకామె నాతో అన్న మాటలో తడి తగులుతుంది. "కార్డు మేడమ్ పర్సులో ఉండేదండి. ఆవిడ తీసుకెళ్తేనే ఆసుపత్రి. నాకు జ్వరమొచ్చిందని ముందు ఆవిడకి అనిపించాలి కదండీ."

ఈ శరీరాన్ని వెళ్ళకముందే చూస్తారు. ఇక్కడ మన ఊళ్ళలో గామ్కా మెడికల్ అనేవాళ్ళు, ఇప్పుడు దాని పేరు వాఫిద్. అక్కడ దిగాక మళ్ళీ పరీక్ష. హెచ్.ఐ.వి. ఉంటే వీసా లేదు. ఇంటిపనివాళ్ళకి హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు అదనం. ఆడమనిషైతే గర్భం లేదని కూడా తేలాలి. పిల్లల్ని పెంచడానికి తీసుకెళ్ళే మనిషి కడుపులో బిడ్డ ఉండకూడదు. అంటువ్యాధులకి ఏదో ఒక సమర్థన చెప్పొచ్చు. గర్భం ఎవరికి అంటుతుంది? ఆ పరీక్ష తీసి చూసేది ఆరోగ్యాన్ని కాదు, పనికి వచ్చే రోజుల లెక్కని.

వెళ్ళాక జబ్బు చేస్తే? అక్కడి ఇంటిపనివాళ్ళ చట్టం (2017లో ఒకటి, దాని స్థానంలో 2022లో ఇంకొకటి) ఏడాదికి 30 రోజుల అనారోగ్యపు సెలవు ఇచ్చింది. మొదటి 15 రోజులు జీతంతో, తర్వాతి 15 జీతం లేకుండా. ఇదీ మన దగ్గర లేనిదే. కానీ నెల దాటిన జబ్బుల్లోనే కదా బీమాతో అసలు పని. నెల దాటితే యజమానికి పనిమనిషి కావాలి, ఆమెకి వైద్యం కావాలి. ఉద్యోగం తీసేస్తే వీసా రద్దు, వీసాతో పాటు కార్డు. అంటే అవసరం పెరిగే కొద్దీ హక్కు తరిగిపోయే బీమా ఇది. తన మీద దెబ్బ పడుతోందని ఇల్లు వదిలి పారిపోయిన మనిషికైతే "పరారీ" అని ఫిర్యాదు పడ్డ రోజు నుంచే రెండూ ప్రశ్నార్థకం. ఆమెకి డాక్టరు కావలసింది కూడా ఆ రోజే.

నాతో మాట్లాడినామెకి ఆరు నెలలు ఆగని రక్తస్రావం. ఒకసారి క్లినిక్కి తీసుకెళ్ళారు, మాత్రలిచ్చారు. పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నప్పుడు 2021లో టిక్కెట్టు కొనిచ్చి పంపేశారు. మేడమ్ చెడ్డదేం కాదట, వచ్చేటప్పుడు పిల్లకి బట్టలు కూడా పెట్టిందట. గర్భసంచి ఆపరేషన్ కాకినాడలో ఆరోగ్యశ్రీలో అయింది. తొమ్మిదేళ్ళు ఆరోగ్యంగా ఉన్న శరీరాన్ని వాళ్ళు వాడుకున్నారు. జబ్బుపడ్డ శరీరం ఖర్చు మన జిల్లా ఆసుపత్రి మీద పడింది. మూడు నెలలు ఆమెని లేవదీసి, స్నానం చేయించి, పథ్యం వండింది కూతురు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాయలేదా పిల్ల.

ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో ఈ గొలుసుకే పేరు పెట్టింది. ఒక దేశపు ఆడవాళ్ళ చాకిరీని ఇంకో దేశపు ఆడవాళ్ళు, వాళ్ళ చాకిరీని ఊళ్ళో మిగిలిన తల్లో కూతురో భర్తీ చెయ్యడం. ఎవా కిటే 1999లో రాసిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేస్తుంది. ఇతరుల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఆ పనివల్లే తమని తాము చూసుకోలేని స్థితిలో పడతారు, కాబట్టి వాళ్ళని చూసుకోవాల్సిన బాధ్యత సమాజానిది అంటుంది. బాలింతని చూసుకునే మనిషిని గుర్తుచేసే గ్రీకు మాట నుంచి దానికి "డూలియా" అని పేరు తయారుచేసింది. మనకి ఇది చెప్పాలా! బిడ్డని బాలింత చూస్తుంది, బాలింతని పుట్టిల్లు చూస్తుంది. ఈ ఇంగితాన్ని అంతర్జాతీయ శ్రమకి అన్వయిస్తే, ఖద్దామాకి బాకీ పడ్డది మేడమ్ ఒక్కతే కాదు, ఆ ఇల్లు నడవడం వల్ల నడిచే ఆఫీసులూ, ఆ దేశమూ.

కఫాలా అనే మాట అసలు అర్థం కూడా ఇదే. పూచీ పడడం, పోషణ చూడడం. ఇస్లామిక్ న్యాయంలో అనాథబిడ్డ బాగోగులు స్వీకరించడాన్ని కఫాలా అనే అంటారు. అంత మెత్తని మాట అకామా కాగితం మీదకి వచ్చేసరికి మనిషిని కట్టేసే తాడయింది. పోషించేవాడే పంపించెయ్యగలవాడు కూడా అయినప్పుడు పోషణ దయగా మిగులుతుంది. మేడమ్ మంచిదా చెడ్డదా అన్నది అప్పుడు ప్రాణం మీదకొచ్చే ప్రశ్నవుతుంది. హక్కు ఉన్నచోట ఆ ప్రశ్న అంత ముఖ్యం కానవసరం లేదు.

ఈ తాడు నాకూ కొంత తెలుసు. పిహెచ్.డి. సమర్పించాక రెండేళ్ళు నా సహచరుడి ఉద్యోగం మీద దుబాయ్‌లో ఉన్నాను. నా పాస్‌పోర్టులో వీసా పేజీ మీద వృత్తి అన్నచోట గృహిణి అనీ, పనిచేయడానికి అనుమతి లేదనీ ముద్ర. స్పాన్సరు అన్నచోట అతని పేరు. బీమా కార్డు అతని కంపెనీ ద్వారా. పితృస్వామ్యాన్ని కథల్లో వెతుకుతూ ఆరేళ్ళు గడిపిన నాకు అది లామినేషన్ చేసి చేతికిచ్చారు. అంతమాత్రాన నేనూ ఆ కోనసీమ ఆమే ఒకటే అననులెండి. నా కార్డు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండేది. నాకు జ్వరమొస్తే నాకు తెలిస్తే చాలు. ఆమె దళితురాలు, టెన్త్ చదవలేదు, వెనక్కి వస్తే అప్పు. చట్టం మా ఇద్దరినీ ఒకే గడిలో రాసింది, బతుకు రాయలేదు.

మన ప్రభుత్వం తన వంతుగా ప్రవాసీ భారతీయ బీమా యోజన పెట్టింది. 2003 నుంచి ఉంది. పదో తరగతి పాసవక, ఇమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళకి అది తప్పనిసరి. రెండేళ్ళకి 275 రూపాయలు. యజమాని మారినా చెల్లుతుంది. ఆ ఒక్క విషయంలో ఇది కఫీల్ కన్నా మెరుగు. ఆసుపత్రి ఖర్చులకి లక్ష దాకా ఉంది, కాన్పుకి 35 వేలు, సిజేరియన్ అయితే 50 వేలు. గర్భం ఉంటే అన్‌ఫిట్ అని తిప్పి పంపే ప్రయాణానికి కాన్పు బీమా! దీన్ని రాసినవాళ్ళు పక్క బల్ల మీది మెడికల్ ఫారం చూసినట్టు లేరు. ప్రమాదంలో పోతే 10 లక్షలు వస్తాయి. గుండె ఆగి పోతే అది సహజ మరణం, ఏమీ రాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకి 5 లక్షల సాయం ప్రకటించిందంటే ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. అలాంటి పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలని నిబంధన. రక్షణ కోసమే అంటారు. ఆడపిల్లని గడప దాటనివ్వకపోవడానికి మనింట్లోనూ ఎప్పుడూ చెప్పేది ఆ మాటే. పాతికేళ్ళ పిల్ల అప్పు తీర్చాలని అనుకుంటే ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడు. అప్పుడు ఆ 275 రూపాయల బీమా కూడా ఉండదు.

చట్టం తిరగరాసే అవకాశమొస్తే ఏం రాయిస్తారని ఆమెనే అడిగాను. నేను హక్కు అనే మాట వస్తుందని ఎదురుచూస్తున్నాను. ఆమె లెక్క చెప్పింది. "వీసా పోయాక ఆర్నెల్లు కార్డు పనిచెయ్యాలండి. టిక్కెట్టు కొనే ముందు డాక్టరుకి చూపించాలి. ఆయన వెళ్ళొచ్చు అంటేనే ఎక్కించాలి." కాసేపాగి, "కార్డు మన దగ్గరుండాలండి" అంది. కూతురు ఈ ఏడాది పాస్‌పోర్టుకి అప్లై చేసిందట. టెన్త్ పాసయింది కాబట్టి ఆ అమ్మాయికి క్లియరెన్సు అక్కర్లేదు, 30 ఏళ్ళ నిబంధనా లేదు, ప్రవాసీ బీమా కట్టి తీరాలన్న షరతూ లేదు.