నిదానంగా అందివచ్చే చదువు

డిగ్రీ అయిపోతుంది. బీకామో, బీఎస్సీయో చేతికొస్తుంది. ఉద్యోగం కుదరదు, గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు. ‘ఖాళీగా ఉండడమెందుకు, లా చేయరాదూ’ అంటాడు బాబాయో, మేనమామో. మన ఇళ్లలో చాలామంది లా కాలేజీ మెట్లెక్కేది ఆ ఒక్క మాట మీదే. అలా చేరడంలో తప్పేమీ లేదు. మూడేళ్లు గడిచాక కూడా ఆ మాట తప్ప మరో కారణం దొరకకపోతేనే నాకు దిగులు.

సీటు తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. వాటిలో సగం న్యాయశాస్త్రం పట్ల అభిరుచిని చూసేవి, మిగతావి జనరల్ నాలెడ్జీ, వర్తమాన వ్యవహారాలూ. జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం, లాసెట్‌లో 35 శాతం ఉంటే అర్హత వస్తుంది. వయసుకు పైహద్దు లేదు. అందుకే పిల్లల పెళ్లిళ్లు చేసేసిన తల్లులూ, రిటైరైన ఉద్యోగులూ ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల పక్కన కూర్చుని కాంట్రాక్టు చట్టం చదువుతూ కనిపిస్తారు. ఆ తరగతి గదులంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

అక్కడ నేర్పేది సెక్షన్ల నంబర్లని బయటివాళ్లు అనుకుంటారు. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఊళ్లో అందరి నోటా నలిగిన 302 కాస్తా 103 అయింది, 420 వెళ్లి 318లో చేరింది. నంబర్లే చదువనుకున్నవాళ్ల చదువు ఆ రోజుతో పాతబడిపోయింది. చదివే పద్ధతి పట్టుబడినవాళ్లకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ పద్ధతి ఏమిటో చెప్పడానికి మన నేల మీది సంగతే ఒకటుంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అంతకు ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు వర్తించదని అందులోనే ఒక మాట ఉంది. అక్క పెళ్లి ఆ ఏడాది వేసవిలో, చెల్లి పెళ్లి దసరా వెళ్లాక జరిగిందనుకోండి. చెల్లికి వాటా ఉంది, అక్కకు లేదు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ల మధ్య ఒక తేదీ వచ్చి నిలబడింది. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికే ఉండాలా అన్న తగవు మరో పదిహేనేళ్లు నడిచింది. అక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను కదిలించడానికి వీల్లేదు. ఈ తేదీలన్నీ దగ్గర పెట్టుకుని ఆ అక్క తెచ్చిన దస్తావేజులు తిరగేసినవాడికి, చట్టంలోని ఒక చిన్న వాక్యం మనిషి బతుకులోకి ఎంత లోతుగా దిగుతుందో తెలుస్తుంది.

అంతటితో అయిపోదు. వాళ్ల తమ్ముడి మాట కూడా వినాలి. అమ్మానాన్నలను చివరిదాకా చూసింది తానేనని, పొలం మీది అప్పు తీర్చింది తానేనని అతనంటాడు. రెండో పక్షం చెప్పేది వినకుండా తీర్పు చెప్పకూడదన్నది న్యాయశాస్త్రంలో చాలా పాత నియమం. దాన్ని మనసుపెట్టి చదివినవాడు ఇంట్లో మాట పట్టింపులొచ్చినా, అపార్ట్‌మెంటు మీటింగులో రభస జరిగినా ‘అవతలివాళ్లేమంటున్నారు?’ అని ముందు అడుగుతాడు. నల్లకోటు వేసుకోకపోయినా ఈ ఒక్క అలవాటు కోసం లా చదవవచ్చని నేను నమ్ముతాను.

ఇక బతుకుతెరువు మాట. బ్యాంకుల్లో లా ఆఫీసర్లు, కంపెనీల లీగల్ విభాగాలు, ఎల్ఎల్ఎం చేసి నెట్ రాస్తే అధ్యాపక వృత్తి, సైన్యంలో జడ్జ్ అడ్వొకేట్ జనరల్ శాఖ. దారులు చాలానే ఉన్నాయి. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మాత్రం కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండి తీరాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీ నుంచి నేరుగా బెంచి మీదకు వెళ్లే వీలు ఇప్పుడు లేదు. కొందరు దీన్ని అన్యాయమంటున్నారు. ఆ మూడేళ్లు ఇల్లు గడిచేదెలా అన్న వాళ్ల బాధ నిజమైనదే. అయినా కోర్టు వరండాలో నిలబడని మనిషి తీర్పు రాయకూడదన్న వైపే నా మనసు మొగ్గుతుంది.

ఉద్యోగం చేస్తూనే వకీలుగా కూడా ఉందామనుకునేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. నెల జీతం మీద పూర్తికాలం పనిచేసేవారు ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలకైతే 125కు మించి తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి. నమోదు ఖర్చు తగ్గింది గానీ, ఆ తర్వాతి నాలుగైదేళ్లు చాలామందికి చేతిలో డబ్బాడని కాలమే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలైనా ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సీనియర్లకు సూచించింది. అది సూచనే. జూనియర్‌కు బస్సు చార్జీలు కూడా ఇవ్వని ఆఫీసులున్నాయి, అది తప్పు.

ఆ ఏళ్లలో జూనియర్ పనేమిటి? సీనియర్ మరో కోర్టులో ఉంటే పాసోవర్, అంటే కేసును కాసేపాగి పిలవమని అడగడం. వాయిదా తేదీలు డైరీలో ఎక్కించడం. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టడం. ఆబ్జెక్షన్లు వేసి వెనక్కిచ్చిన కాగితాలు సరిచేసి మళ్లీ ఫైల్ చేయడం. సాయంత్రానికి చూసుకుంటే చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. కానీ బయట చెట్టు కింద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ ఎదురుచూస్తూ ఉంటుంది. ‘ఏమైంది బాబూ?’ అంటుంది. ‘వాయిదా పడిందమ్మా’ అనేసి వెళ్లిపోవచ్చు. పక్కన కూర్చుని ఎందుకు పడిందో, వచ్చేసారి ఏం తేవాలో విడమరచి చెప్పనూవచ్చు. ఆ రెంటి మధ్యా తేడా ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు ఇచ్చే జూనియర్ మంచి వకీలవుతాడు, మంచి మనిషిగానూ మిగులుతాడు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇతరుల కష్టం మీద బతికే వృత్తిలో ఎంత వస్తే చాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. రాజీకి వచ్చే కేసును లోక్ అదాలత్‌కు పంపితే కట్టిన కోర్టు ఫీజు పార్టీకి తిరిగొస్తుంది, అప్పీలు ఉండదు, వకీలుకు రావలసిన వాయిదాలు పోతాయి. అయినా పంపమని చెప్పగలగాలి. అంతకన్నా పెద్దది వదులుకున్నవారూ ఉన్నారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం 1985లో కారంచేడు దళితుల హత్యలకు నిరసనగా ఆ పదవి వదులుకున్నారు. మామూలు జనం కోసం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న పుస్తకం రాశారు. అంత పెద్ద త్యాగం అందరి వంతుకూ రాదు. ఫీజు ముట్టినా ఈ కేసు నిలబడదని పార్టీతో నిజం చెప్పాల్సిన రోజు మాత్రం ప్రతి వకీలుకూ వస్తుంది.

కాబట్టి లాసెట్‌కు దరఖాస్తు చేసేముందు ఒక పని చేయండి. మన కోర్టులు బహిరంగంగా నడుస్తాయి, కొన్ని కేసుల్లో తప్ప ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మీ ఊరికి దగ్గర్లోని కోర్టుకు వెళ్లి ఒక పూటంతా వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. అక్కడ పనులు సాగే నిదానం మీకు విసుగనిపించిందా, ఆ మనుషుల గోడు వినాలనిపించిందా అన్నది మీకే తెలుస్తుంది. వినాలనిపిస్తే నిశ్చింతగా చేరండి.