జెండర్ చదువుకు బయలుదేరిన చిరంజీవికి



జెండర్ అధ్యయనాన్ని విశ్వవిద్యాలయ చదువుగా ఎంచుకున్న విద్యార్థికి ఇంటా బయటా మొదట ఎదురయ్యే ప్రశ్న, అది ఏ శాస్త్రం కిందికి వస్తుంది, దానికంటూ ఉన్న విషయం ఏమిటి అన్నది. అడిగేవారి గొంతులో చులకన ఉన్నా లేకపోయినా ప్రశ్న న్యాయమైనదే కనుక, దానికి తడబడకుండా జవాబు చెప్పడం చిరంజీవి మొదట నేర్వవలసిన పాఠం. పుట్టుకతో వచ్చే శరీర భేదాన్ని లింగమనీ, ఆ భేదాన్ని ఆసరా చేసుకుని ఎవరు ఏ పని చేయాలి, ఎవరికి ఆస్తి దక్కాలి, ఎవరి మాట చెల్లాలి అని సమాజం ఏర్పరచిన కట్టుబాట్లను జెండర్ అనీ స్థూలంగా వ్యవహరిస్తారు. ఈ కట్టుబాట్లు వ్యాకరణంలోను, జనాభా లెక్కల్లోను, కోర్టు తీర్పులోను, మందు మోతాదులోను కూడా కనిపిస్తాయి కనుక వాటిని చదివేవారికి సొంత పొలమంటూ ఉండదు. ఇతర శాస్త్రాల పొలాల గట్ల మీదుగా నడుస్తూ, ఇక్కడ లెక్కలోకి రానివారు ఎవరు అని ప్రతిచోటా అడగడమే ఈ చదువు స్వభావం.

అడగడం తేలిక, జవాబు విషయంలో తొందరపడకుండా ఉండడం కష్టం. తెలుగు వ్యాకరణమే ఇందుకు మంచి ఉదాహరణ. 19వ శతాబ్ది మధ్యలో పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణం పురుషులను తెలిపే శబ్దాలను మహత్తులనీ, తక్కినవాటిని అమహత్తులనీ విభజించింది. అతడు వచ్చాడు అనే భాష, ఆమెకు, ఎద్దుకు, బండికి ఒకే క్రియారూపం వాడి వచ్చింది అంటుంది. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి వచ్చారు అనిపించుకుంటారు, బండ్లు విడిగా వచ్చాయి. దీన్ని మొదటిసారి గమనించిన విద్యార్థికి తెలుగు సమాజం స్త్రీని పశువుతో సమానం చేసిందనడానికి భాషే సాక్ష్యమని అనిపించడం సహజం, ఆ ఆవేశంలో తప్పులేదు. కాని భాషాశాస్త్రాన్ని శ్రద్ధగా చదివినవారు పొరుగు ద్రావిడ భాషలను కూడా చూస్తారు. కన్నడ, తమిళాల్లో స్త్రీకి ఏకవచనంలోనే ప్రత్యేక క్రియారూపం ఉంది. గోండి, కోలామీ భాషల్లో బహువచనంలో సైతం స్త్రీలు పశువుల, వస్తువుల వర్గంలోనే ఉంటారు. వ్యాకరణమే గౌరవానికి కొలబద్ద అయితే కన్నడ, తమిళ కుటుంబాల్లో కట్నాలు ఉండకూడదు, పెళ్ళికి వరుడివైపువారు ధనమిచ్చే ఆచారం గోండుల్లో పుట్టి ఉండకూడదు. చిన్నయసూరి పెట్టిన పేర్లలో ఒక విలువకట్టడం ఉన్నమాట నిజమే గాని, క్రియా ప్రత్యయాల చరిత్ర వేరు, వాటికి పండితులు పెట్టిన పేర్ల చరిత్ర వేరు. రెంటినీ కలగలిపిన వాదం మొదటి ప్రశ్నకే కూలిపోతుంది, కూలిపోయిన వాదం వల్ల నష్టపోయేది ఎవరి పక్షాన అది నిలిచిందో ఆ స్త్రీలే. అందుచేత గట్లు దాటాలనుకునే చిరంజీవి ముందుగా ఏదో ఒక శాస్త్రంలో అక్కడి పనివాళ్ళు మెచ్చేంతటి పనితనం సంపాదించడం అవసరం.

అర్థశాస్త్రంలో ఈ పనితనం మరీ అవసరమవుతుంది. దేశ ఉత్పత్తిలో దేనిని చేర్చాలి, దేనిని వదలాలి అని గీసుకున్న గీతను ఆ శాస్త్రంలో ఉత్పత్తి సరిహద్దు అంటారు. ఇంట్లో తినడానికి పండించుకున్న వడ్లు ఆ గీతకు లోపల ఉండగా, ఆ వడ్ల బియ్యంతో అన్నం వండిన ఇల్లాలి శ్రమ గీతకు బయట ఉంటుంది, అదే వంటకు జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే ఆ జీతం లోపలికి వస్తుంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వే, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేల్చింది. ఇక్కడ పాల్గొన్న అనే మాటను దాటిపోకూడదు. ఆ రోజు ఇంటిపని ముట్టుకోని పురుషులు ఈ సగటులో లేనే లేరు, వారిని కూడా కలిపితే అంతరం ఇంకా పెరుగుతుంది. పట్టిక శీర్షికలోని ఒక్క మాట చదవకపోవడం వల్ల సత్యం ఎంత చిన్నబోతుందో చిరంజీవి గమనించవచ్చు.

న్యాయశాస్త్రానికీ ఇదే వర్తిస్తుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా జన్మతః హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణకు ఎన్నో ఏళ్ళు ముందున్నదని చెప్పుకోవడం సబబే. అయితే చట్టం అమలులోకి వచ్చే నాటికే పెళ్ళయిన కుమార్తెలను ఆ రాష్ట్ర సవరణ బయటే ఉంచింది. వైద్యంలో లెక్కలోకి రానివారు ఎవరో తెలియడానికి జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర సంగతి ఒక్కటి చాలు: స్త్రీల శరీరం నుంచి ఆ మందు నెమ్మదిగా బయటికి పోతుందన్న కారణంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వారి మోతాదును సగానికి తగ్గించమన్నది 2013లో, అంటే మందు అక్కడ వాడుకలోకి వచ్చి ఇరవయ్యేళ్ళు గడిచాక.

తెలుగునాట ఈ చదువు విశ్వవిద్యాలయంలో పుట్టలేదని చిరంజీవి మరవకూడదు. స్త్రీవాద బృందమైన స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి కలుసుకుని, వారి అనుభవాలను వారి మాటల్లోనే 1986లో మనకు తెలియని మన చరిత్ర పేరుతో గ్రంథంగా తెచ్చారు. అప్పటిదాకా ఆ పోరాట చరిత్ర ప్రధానంగా దళాల, దాడుల, నాయకుల చరిత్ర. ఈ గ్రంథంలోనేమో అడవిలో పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టవలసివచ్చిన తల్లి మాట్లాడుతుంది, 1951లో పోరాటం విరమించాక ఇంటికి తిరిగి వెళ్ళమన్నప్పుడు ఏ ఇంటికి వెళ్ళాలో తెలియని స్త్రీల గోడు వినిపిస్తుంది. కాగితం మీద లేనిదానిని చరిత్ర అనవచ్చునా అన్న పాత సందేహానికి ఇంతకంటే గట్టి జవాబు తెలుగులో దొరకడం కష్టం. అయినా స్త్రీ అనే ఒక్క మాట కింద అందరి అనుభవాన్నీ పోగుచేయడం కూడా మరొక రకం చెరిపివేతే. 1921 నుంచి దళిత స్త్రీలు చేసిన రచనలను గోగు శ్యామల సేకరించి నల్లపొద్దు పేరుతో వెలువరించడానికి 2003 దాకా ఆగవలసివచ్చిందంటే, పురుషులు విస్మరించినవారిని వెలికితీసిన పరిశోధకులు సైతం కులం అనే గట్టు దగ్గర ఆగిపోయారని అర్థం; చిరంజీవి తన పరిశోధన ఎక్కడ ఆగిపోతున్నదో తానే తనిఖీ చేసుకుంటూ ఉండాలి.

ఆ తనిఖీ పుస్తకాల గదిలో సగమే జరుగుతుంది. ఊరికి వెళ్ళి ఒక వృద్ధురాలి జీవితాన్ని నాలుగు గంటలు రికార్డు చేసుకుని, దానిని ఆమె ఎన్నటికీ చదవలేని ఇంగ్లీషు వ్యాసంగా మార్చి, పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయే విద్యార్థి, ఇల్లాలి శ్రమను లెక్కించని గణాంకవేత్తకంటే మెరుగైన పని చేసినట్టు కాదు. రాసినదాన్ని తెలుగులోకి తెచ్చి తిరిగి ఆమె వాకిట్లోకి తీసుకువెళ్ళాలి, చదువు రానిదైతే కూర్చుని పైకి చదివి వినిపించాలి, తాను అలా అనలేదని ఆమె అన్నచోట సరిదిద్దాలి, కోడలి చెవినో ఊరివాళ్ళ చెవినో పడితే తనకు ముప్పు అని ఆమె తీసివేయమన్న వాక్యం మొత్తం పరిశోధనకే ఆయువుపట్టు అయినా ఆమె ఎదుటనే కొట్టివేయాలి.